ఆధియు వ్యాధియు: మహమ్మారి కాలమున యువజనుల మనఃస్థితి

‘ఆధివ్యాధులు’ అను జంటపదము తెలుగువారి నోట తరతరములుగా వినబడుచున్నది. వ్యాధి దేహమునకు కలుగునది. ఆధి మనస్సునకు కలుగునది. అమరకోశమును పఠించినవారికి ఈ భేదము సుపరిచితము. అయినను వాడుకలో ఈ రెండు మాటలును కలిసిపోయి, ‘ఆధి’ తన ప్రత్యేకార్థమును కోలుపోయినది. ‘వ్యాధి’ ఒంటరిగా నిలువగలుగుచున్నది. ‘ఆధి’ జంటలో తప్ప కానరాదు. 2020వ సంవత్సరమున ప్రపంచమును చుట్టుముట్టిన కోవిడ్–19 విషయమునను ఇట్లే జరిగినది. వ్యాధి లెక్కకు వచ్చినది. ఏ దినమున ఎందఱికి సోకినదో, ఎందఱు మరణించిరో ప్రతిదినమును ప్రకటింపబడెను. దాని వెన్నంటి వచ్చిన ఆధిని లెక్కించువారు తక్కువ. విన్నవారు మఱియు తక్కువ.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయములు రెండు. మొదటిది: 18 మొదలు 29 సంవత్సరముల వఱకు గల యువజనుల మనస్సులను ఎక్కువగా గాయపఱచినది వ్యాధిభయము కాదు, జీవితమున ఒక దశనుండి మఱియొక దశకు దాటుచున్న సమయమున ఆ దారి మూతపడుట. రెండవది: ఆ గాయమును వారు వైద్యశాస్త్ర పరిభాషలో చెప్పుకొనలేదు, ఇంటిమాటలలో చెప్పుకొనిరి. కావున దానిని గుర్తించు పనిలో వైద్యులతోపాటు భాషను బోధించువారికిని కొంత భాగము కలదు.

కాలక్రమము

ముందుగా కాలక్రమమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 జనవరి 30వ తేదీన అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితిని ప్రకటించెను. మార్చి 11వ తేదీన కోవిడ్–19ను విశ్వవ్యాప్తమైన మహమ్మారిగా వర్ణించెను. భారతదేశమున మార్చి 22వ తేదీన ‘జనతా కర్ఫ్యూ’ జరిగినది. మార్చి 25 నుండి 21 దినములకని ప్రకటింపబడిన లాక్‌డౌన్ పలుమాఱులు పొడిగింపబడి మే 31 వఱకు సాగినది. 2021 ఏప్రిలు, మే మాసములలో రెండవ ఉద్ధృతి వచ్చి, ప్రాణవాయువు దొరకక జనులు అల్లాడిరి. అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని 2023 మే 5వ తేదీన ప్రకటన వెలువడెను.

ఈ మధ్యకాలమున విద్యాలయములు మూయబడుట, తెఱువబడుట, మరల మూయబడుట జరిగినది. మూసివేత ముమ్మరముగా నున్న దినములలో 190కి పైగా దేశములలో 150 కోట్లకు మించిన విద్యార్థుల చదువు ఆగినదని యునెస్కో లెక్కించినది. 2019లో డిగ్రీ తరగతులలో చేరిన విద్యార్థి మొదటి సంవత్సరము ముగియకముందే ఇంటికి పోయి, మిగిలిన చదువులో అధికభాగమును సెల్‌ఫోన్ ముందు కూర్చుండి ముగించెను. అతని చేతికి పట్టా వచ్చినది. కళాశాల జీవితము మాత్రము రాలేదు.

వంద సంవత్సరముల వెనుకటి మాట

ఈ మహమ్మారిని 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాతో పోల్చుట పరిపాటి. నాడు భారతదేశమున మరణించినవారు ఒక కోటి ఇరువది లక్షలకు తక్కువ కాదని పలువురి అంచనా. ఆ వ్యాధికి ఒక విచిత్ర లక్షణము కలదు. సాధారణముగా ఇట్టి జ్వరములు పసివారిని, వృద్ధులను బలిగొనును. అది మాత్రము 20 నుండి 40 సంవత్సరముల వయస్సుగల దృఢకాయులను విశేషముగా బలిగొన్నది. కోవిడ్–19 ఇందుకు విపరీతము. ప్రాణహాని వయస్సుతోపాటు పెరిగినది. యువజనులలో అధికసంఖ్యాకులు స్వల్పబాధతో బయటపడిరి.

ఈ తారతమ్యమే యువజనులకు ఒక విధముగా చెఱుపు చేసినది. “నీకేమి, చిన్నవాడవు, నీకు ఏమీ కాదు” అని పెద్దలు ధైర్యము చెప్పిరి. దేహవిషయమున ఆ మాట చాలవఱకు సత్యమే. కాని ప్రాణము దక్కినవాడు తన మనోవ్యథను చెప్పుకొనుటకు సిగ్గుపడవలసివచ్చెను. ప్రక్కయింట శవము లేచుచుండగా, “నాకు ఏమీ తోచడం లేదు” అనుట ఎవరికైనను చిన్నతనముగా తోచును. కావున ఆ మాట చాలమంది నోటనే ఆగిపోయినది.

సంధివయస్సు

బాల్యమునకును ప్రౌఢదశకును నడుమ నున్న ఈ కాలమును అమెరికా దేశపు మనోవిజ్ఞాని జెఫ్రీ ఆర్నెట్ 2000వ సంవత్సరమున ఒక ప్రత్యేకదశగా నిరూపించెను. ఈ దశయందు మానవుడు తానెవరో తేల్చుకొనును, వృత్తిని వెదకుకొనును, ఇల్లు విడిచి తనవంటివారి నడుమ నివసించుట నేర్చుకొనును, జీవితభాగస్వామిని గూర్చి ఆలోచించును. ఆర్నెట్ సిద్ధాంతము సంపన్నదేశముల యువకులకే చెల్లునని ఆక్షేపించినవారు కలరు. ఆ ఆక్షేపణ కొంతవఱకు న్యాయమే. మన పల్లెలలో పదునెనిమిదేండ్లకే సంసారభారము మోయు యువతీయువకులు అసంఖ్యాకులు. అయినను వసతిగృహమునకు మొదటిసారి పెట్టె పట్టుకొని పోయిన విద్యార్థికిని, హైదరాబాదు అశోక్‌నగర్‌లో గదిని అద్దెకు తీసుకొని ఉద్యోగపరీక్షలకు చదువుకొను పట్టభద్రునికిని ఈ దశ అక్షరాల అనుభవమే.

ఇట్టి వయస్సుననే మనోరుగ్మతలు తలయెత్తుటయు గమనింపదగినది. అమెరికాలో రోనాల్డ్ కెస్లర్ బృందము 2005లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, జీవితకాలమున కలుగు మానసిక రుగ్మతలలో సగము 14వ ఏటికి, నాలుగింట మూడు వంతులు 24వ ఏటికి పొడసూపుచున్నవి. అనగా మహమ్మారి రాకపోయినను ఇది సుకుమారమైన కాలమే. అప్పుడే నాటిన మొక్కకు నీరు ఎంత యవసరమో, ఈ వయస్సునకు సాంగత్యము, దినచర్య, రేపటిపై నమ్మకము అంత యవసరములు. మహమ్మారి ఈ మూడింటిని ఒక్కమాఱుగా తీసివేసినది.

కొలతలు చెప్పుచున్నది

మనోవ్యథను కొలుచుటకు వైద్యులు ప్రశ్నావళులను వాడుదురు. క్రుంగుబాటునకు పి.హెచ్.క్యూ.–9, ఆందోళనకు జి.ఏ.డి.–7 అను పట్టికలు ప్రసిద్ధములు. గడచిన రెండు వారములలో నిద్ర ఎట్లున్నది, ఆకలి ఎట్లున్నది, పనులయందు ఆసక్తి కలదా మున్నగు ప్రశ్నలకు సమాధానములను అంకెలుగా మార్చి కూడుదురు. ఈ అంకెలు జల్లెడవంటివి; రోగనిర్ణయము కావు. జల్లెడలో నిలిచినవారందఱును రోగులు కారు. మహమ్మారి కాలపు లెక్కలను చదువునపుడు ఈ సంగతిని మఱువరాదు.

అన్నిటికంటె నమ్మదగినవి, మహమ్మారికి పూర్వము కొలిచిన మనుష్యులనే మరల కొలిచిన పరిశోధనలు. బ్రిటనులో ఏటేట ఒకే కుటుంబములను పలుకరించు ఒక సర్వేక్షణము కలదు. దాని ప్రకారము, తీవ్ర మనోవ్యథ గలవారు 2018–19లో 18.9 శాతము కాగా, 2020 ఏప్రిలులో 27.3 శాతమైరి. ఈ పెరుగుదల 18–24 సంవత్సరముల వారిలోను, స్త్రీలలోను, చిన్నపిల్లలు గల తల్లిదండ్రులలోను అధికముగా కనబడెను. 2021 అక్టోబరులో లాన్సెట్ పత్రిక ప్రకటించిన ప్రపంచస్థాయి గణన ప్రకారము, 2020లో మహమ్మారి వలన తీవ్రమైన క్రుంగుబాటు 5 కోట్ల 32 లక్షల మందికి, ఆందోళన రుగ్మతలు 7 కోట్ల 62 లక్షల మందికి అదనముగా కలిగినవి. అక్కడను భారము పురుషులపై కంటె స్త్రీలపై, పెద్దలపై కంటె చిన్నవారిపై అధికము. అంతర్జాతీయ కార్మిక సంస్థ 112 దేశములలో 18–29 సంవత్సరముల వారిని ప్రశ్నించి 2020 ఆగస్టులో ప్రకటించిన నివేదికలో, సగము మంది ఆందోళనకో క్రుంగుబాటునకో లోనగు అవకాశము గలవారనియు, 17 శాతము బహుశః అప్పటికే లోనైనవారనియు తేల్చినది.

దీనికి ప్రతిపక్షమును చూపుట న్యాయము. 2023 మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక సమీక్ష, మహమ్మారికి ముందును తరువాతను కొలిచిన 134 సమూహముల ఫలితములను పరిశీలించి, సాధారణ ప్రజలలో మార్పు అత్యల్పమని నిర్ణయించినది. స్త్రీలలో కొంత క్షీణత కనబడెను. అయితే ఆ సమూహములలో అధికభాగము సంపన్నదేశములకు చెందినవి. వానినిబట్టి దినవేతనము పోయిన ఇంటిలోని విద్యార్థిని గూర్చి నిర్ణయము చేయుట సాహసమగును. అదియును గాక, సగటు అను సంఖ్య ఇరువైపులవారిని కలిపి చూపును. ఇంటిలో తల్లిదండ్రుల చెంత సుఖించినవాడును, ఆ ఇంటిలోనే ఊపిరాడక కుమిలినవాడును సగటులో ఒకరినొకరు చెఱిపివేయుదురు. కావున యువజనులందఱును రోగులైరనుట అతిశయోక్తి. ఏమియు కాలేదనుట అన్యాయము.

దినచర్యయు సాంగత్యమును

కారణములలో మొదటిది దినచర్య తెగిపోవుట. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున విద్యార్థుల చేతులకు గడియారమువంటి యంత్రములను కట్టి నడకను, నిద్రను కొలుచు పరిశోధన మహమ్మారికి ముందే సాగుచుండెను. దాని ఫలితములు 2021లో ప్రకటింపబడెను. దినమునకు సుమారు 10,000 అడుగులు నడచువారు 4,600 అడుగులకు దిగిరి. నిద్ర 25 నుండి 30 నిమిషములు పెరిగినది. ఇతరులతో గడపుకాలము సగమునకు పైగా తగ్గి అరగంటకు లోపైనది. తెర ముందు గడపుకాలము రెట్టింపునకు మించి ఐదు గంటలు దాటినది. క్రుంగుబాటునకు లోనగు అవకాశము గలవారి శాతమును బాగుగా పెరిగినది.

ఈ పరిశోధనలో మనము ముఖ్యముగా గ్రహింపవలసినది మఱియొకటి కలదు. పరిశోధకులు కొందఱు విద్యార్థులకు బహుమానముల నిచ్చి మరల నడిపించిరి. వారు నడచిరి, కాని వారి మనస్సు దానివలన తేఱుకొనలేదు. దీనినిబట్టి వ్యాయామము వ్యర్థమని తలపరాదు. నడక అనునది కేవలము కాళ్ల పని కాదని మాత్రము ఊహింపవచ్చును. తరగతినుండి గ్రంథాలయమునకు, అచ్చటినుండి టీకొట్టునకు, మిత్రునితో మాటలాడుచు వసతిగృహమునకు నడచిన నడకలో పని, స్నేహము, గమ్యము అన్నియును కలిసియుండెను. వానిని తీసివేసి అడుగులను మాత్రము తిరిగియిచ్చిన చాలదు.

రెండవ కారణము, ఇల్లు అందఱికిని ఒకే ఇల్లు కాకపోవుట. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వేక్షణము ప్రకారము, అంతర్జాల సౌకర్యము గల కుటుంబములు పట్టణములలో 42 శాతము, గ్రామములలో 14.9 శాతము మాత్రమే. కంప్యూటరు గల కుటుంబములు గ్రామములలో నూటికి ఐదైనను లేవు. ఇట్టి స్థితిలో ‘ఆన్‌లైన్ తరగతి’ అనగా చాల యిండ్లలో ఒక్క సెల్‌ఫోనును అన్నయు చెల్లెలును పంచుకొనుట, సంకేతము అందుటకై మిద్దె యెక్కుట, చెట్టు క్రిందకు పోవుట. పంచుకొనునపుడు వంతు ఎవరికి ముందు వచ్చునో చెప్పనక్కఱలేదు. ఆడపిల్లకు వసతిగృహము విద్యాస్థానమే కాక, ఇంటిపనినుండియు పెండ్లిమాటలనుండియు కొంత విరామమునిచ్చు ఆశ్రయముగూడ. ఆ ఆశ్రయము మూతపడెను.

పరీక్షయు, ఉద్యోగమును, శోకమును

మూడవ కారణము అనిశ్చితి. కష్టము ఎంతటిదైనను దాని అవధి తెలిసినపుడు మనస్సు ఓర్చుకొనును; అవధి తెలియని నిరీక్షణము దానిని అరగదీయును. పరీక్ష జరుగునా జరుగదా అను ప్రశ్నతో మాసములు గడచినవి. ఆంధ్రప్రదేశమున పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు తుదివఱకు వాదోపవాదములలో నుండి, సర్వోన్నత న్యాయస్థానపు విచారణ పిమ్మట 2021 జూన్ 24వ తేదీన రద్దైనవి. తెలంగాణమున ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు విద్యార్థులను పరీక్ష లేకయే రెండవ సంవత్సరమునకు పంపి, పిమ్మట 2021 అక్టోబరులో ఆ పాతపరీక్షను జరిపిరి. డిసెంబరులో ఫలితములు రాగా 49 శాతము మాత్రమే ఉత్తీర్ణులైరి. రాష్ట్రమంతటను ఆవేదన చెలరేగినది. కొలదిదినములలోనే తప్పినవారందఱికిని కనీసపు మార్కులిచ్చి ఉత్తీర్ణులను చేయుదుమని ప్రభుత్వము ప్రకటించెను. ఆ నిర్ణయము ఉపశమనమునిచ్చినమాట నిజమే. కాని తాను తప్పితినా, నెగ్గితినా, తన చదువు విలువ యేమి అను సందేహము కొందఱిలోనైనను నిలిచిపోక తప్పదు. ఉద్యోగపరీక్షల ప్రకటనలు ఆలస్యమైనకొలది వయఃపరిమితి దాటిపోవునను భయము వేఱు.

నాలుగవది శోకము. అంత్యక్రియలకు 20 మందికి మించి రాగూడదను నియమము ఆ దినములలో అమలులో నుండెను. మన సమాజమున శోకమును మోయుటకు ఒక క్రమము కలదు: శవమును చూచుట, నలుగురు చేరి యేడ్చుట, దినవారములు, బంధువుల రాకపోకలు. ఈ క్రమమును మూఢాచారమని కొందఱు తలంతురు. కాని అది దుఃఖమును పదిమందికి పంచు ఏర్పాటు. 2021 వేసవిలో తండ్రి ముఖమును కడసారి చూడనోచక, ఆసుపత్రినుండి తెచ్చిన మూటను దూరమునుండి చూచిన యువకునికి ఆ ఏర్పాటు అందలేదు. అంతట అతడే ఇంటిపెద్దయై, చదువు మానుకొని, సంపాదనకు పోవలసివచ్చెను. అట్టివాడు తరగతికి తిరిగివచ్చినను, వెనుకటి విద్యార్థి కాడు.

మరణసంఖ్యలను చదువు విధము

ఆత్మహత్యల ప్రసంగమున మిక్కిలి జాగరూకత వలయును. జాతీయ నేరగణాంక సంస్థ లెక్కల ప్రకారము భారతదేశమున ఆత్మహత్యకు పాల్పడిన విద్యార్థులు 2017లో 9,905, 2019లో 10,335, 2020లో 12,526, 2021లో 13,089, 2022లో 13,044. మహమ్మారికి పూర్వమే ఈ సంఖ్య పెరుగుచుండుటను గమనింపవలెను. అయినను 2020లో ఒక్క సంవత్సరమున పెరిగినంత అంతకుముందు రెండేండ్లలోను పెరుగలేదు. అంతకంటె ఆలోచింపదగినది, విద్యాలయములు తెఱచిన పిమ్మటగూడ సంఖ్య వెనుకటి స్థాయికి దిగకపోవుట.

విదేశముల అనుభవము ఒకే తీరున లేదు. 21 దేశముల లెక్కలను పరిశీలించి 2021లో ప్రకటించిన పరిశోధనలో, మహమ్మారి తొలిమాసములలో ఆత్మహత్యలు పెరిగినట్లు కానరాలేదు. జపాను దేశమున 2020 ఫిబ్రవరి నుండి జూన్ వఱకు 14 శాతము తగ్గి, జూలై నుండి అక్టోబరు వఱకు 16 శాతము పెరిగినవి. ఆ పెరుగుదల స్త్రీలలో 37 శాతము, బాలబాలికలలో 49 శాతము. ఆపద వచ్చిన తొలిదినములలో జనులు ఒకరినొకరు పట్టుకొని నిలుతురనియు, అది సాగినకొలది పట్టు సడలుననియు ఈ సంఖ్యలనుబట్టి ఊహింపవచ్చును. ఏ మరణమునకును ఒక్క కారణము చెప్పుట సరికాదు; పరీక్షాఫలితమో, ఫోను లేకపోవుటయో చివరి నిమిత్తముగా కనబడినను, వెనుక అనేక కారణములు పెనగొనియుండును. ఇందఱిలో సకాలమున సహాయము దొరికియుండినచో బ్రదుకువారు ఎందఱో కలరనుట మాత్రము నిస్సందేహము.

బెంగ, దిగులు, తోచకపోవుట

ఇచటినుండి మన శాఖకు చెందిన విషయము ఆరంభమగుచున్నది. 1981లో మార్క్ నిక్టర్ అను మానవశాస్త్రవేత్త దక్షిణకన్నడ మండలపు స్త్రీలను పరిశీలించి, ప్రతి సమాజమునందును బాధను వ్యక్తపఱచుటకు ప్రత్యేకమైన నుడికారము కలదనియు, దానినెఱుగని వైద్యుడు బాధనే గుర్తింపలేడనియు నిరూపించెను. తెలుగునకును అట్టి నుడికారము పుష్కలముగా కలదు.

‘బెంగ’ అనునది దూరమైనదానికై మనస్సు పీకుట. పుట్టింటిపై బెంగ, ఊరిపై బెంగ అందుము. మహమ్మారి కాలమున విద్యార్థులు స్వగృహమున నుండియే బెంగ పెట్టుకొనిరి. వారి మనస్సు పీకినది కళాశాలకై, తోటివారికై. ఇంటిలోనున్నవానికి బెంగయేమని పెద్దలకు అర్థము కాలేదు. ‘దిగులు’ అనుదానిలో దుఃఖమును భయమును కలిసియున్నవి. అది జరిగినదానికంటె జరుగబోవుదానివైపు ఎక్కువగా చూచును. క్రుంగుబాటు, ఆందోళన అని వైద్యశాస్త్రము రెండుగా విడదీసినదానిని ఈ ఒక్కమాట కలిపి పట్టుకొన్నది. పెక్కుమంది రోగులలో ఆ రెండును కలిసియే యుండునని వైద్యులును అంగీకరింతురు.

‘ఏమీ తోచడం లేదు’ అనునది మఱింత చిత్రమైన మాట. ఊసుపోకయున్నవాడును ఇదే మాట చెప్పును. ఎటుపోవుటకును దారి కానరాక నిస్పృహ చెందినవాడును ఇదే మాట చెప్పును. మొదటివానికి పని చాలును. రెండవవానికి మనిషి కావలెను. మాట ఒకటే యగుటచే, వినువాడు స్వరమును, ముఖమును, ఎన్నినాళ్లనుండి అట్లున్నదను సంగతిని గమనింపనిచో భేదము తెలియదు. ఇక మనస్సు మాటకు రానపుడు దేహము మాటలాడును. తల బరువు, గుండె దడ, అన్నము సహింపకపోవుట, నిద్ర పట్టకపోవుట అను ఫిర్యాదులతో వైద్యుని వద్దకు పోయి, మందుబిళ్లలతో తిరిగివచ్చువారు కలరు.

మన అలంకారశాస్త్రము ముప్పదిమూడు వ్యభిచారిభావములను చెప్పినది. వానిలో నిర్వేదము, గ్లాని, శంక, దైన్యము, చింత, జడత, విషాదము, త్రాసము కలవు. అవి వచ్చి పోవునవి. లోకమున ఆరోగ్యవంతుని దుఃఖమును అట్టిదే, వచ్చును, పోవును. ఆ భావము కదలక నిలిచి, నిద్రను, ఆకలిని, పనిని ఆక్రమించి, వారములు గడచినను విడువనపుడు వైద్యుడు దానిని రుగ్మత యనును. రసశాస్త్రమును వైద్యముగా భావింపుమని చెప్పుట కాదు. భేదమును తెలిసికొనుటకు ఇది తెలిసిన దృష్టాంతము. ఆ ముప్పదిమూడింటిలోనే ‘అవహిత్థ’ అనునది ఒకటి కలదు: లోపలి భావమును ముఖమున కనబడకుండ దాచుట. కావ్యమున నాయిక సిగ్గుచే దాచును. నేటి విద్యార్థి పరిహాసమునకు వెఱచి దాచును. తెలుగుదేశమున ఆ వెఱపునకు కారణము లేకపోలేదు. మానసిక వైద్యాలయములున్న హైదరాబాదు ఎఱ్ఱగడ్డ, విశాఖపట్టణపు చినవాల్తేరు అను పేర్లే పరిహాసోక్తులైనవి. ‘పిచ్చి’ అను ఒక్కమాట తప్ప వేఱు మాట వినని ఇంటిలో, తన మనస్సు బాగుగా లేదని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెను!

పరిశోధకులకు ఇందొక పని కలదు. ఆంగ్లమున రచింపబడిన ప్రశ్నావళులను తెలుగు చేయునపుడు పుస్తకపు మాటలు చేరినచో, కరీంనగరము విద్యార్థికిని, శ్రీకాకుళము విద్యార్థికిని అవి ఒకే తీరున బోధపడవు. ఏ మండలమున, ఏ వయస్సువారు, ఏ మనోవ్యథను ఏ మాటతో చెప్పుదురో సేకరించి, అర్థచ్ఛాయలను నిర్ణయించు పని మాండలికశాస్త్రము నెఱిగినవారే చేయదగినది. అట్టి పదకోశము వైద్యునకు మంచి పరికరము కాగలదు.

ఉపాధ్యాయుని పాలిటిది

బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రములయందు జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేక్షణము ప్రకారము, వేర్వేఱు రుగ్మతలలో చికిత్స అందనివారు 70 నుండి 92 శాతము. ఈ లోటు మహమ్మారికి పూర్వమే యుండెను. తరువాత కొన్ని ప్రయత్నములు జరిగినవి. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన ‘టెలీ మానస్’ సేవలో 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మనోభారముతో నున్నవానిగా భావించి, దండనకు బదులు సంరక్షణను విధించినది. 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, నూఱుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు శిక్షణపొందిన సలహాదారుని నియమింపవలెనని ఆదేశించినది.

ఈ యేర్పాటులన్నియు అవసరములే. అయినను సలహాదారుని గది తలుపు తట్టుటకు ముందు విద్యార్థి మఱియొకరితో ఒక చిన్నమాట అనును. అది తరగతి ముగిసిన పిమ్మట ఉపాధ్యాయునితోనే కావచ్చును. “సార్, ఈమధ్య చదువు మీద మనసు నిలవడం లేదు” అనును. లేదా సిద్ధాంతవ్యాసమున అధ్యాయమును తెచ్చి యీయక మాసములు దాటవేయును. దానిని బద్ధకమని గద్దించుట సులభము. ఎన్నినాళ్లనుండి, నిద్ర పట్టుచున్నదా, భోజనము చేయుచున్నావా, బ్రదుకు మీద విరక్తి కలుగుచున్నదా అని నెమ్మదిగా అడుగుట కొంచెము కష్టము. ఇట్లడుగుటచే లేని తలంపు పుట్టునను భయము నిరాధారమని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినచో భారము తగ్గును. సమాధానము ఆందోళన కలిగించునదైనచో ఆ విద్యార్థిని ఒంటరిగా విడువక, వైద్యుని వద్దకు స్వయముగా తోడుకొనిపోవుట ధర్మము. ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కఱలేదు. వైద్యునివఱకు దారి చూపిన చాలును.

మహమ్మారి నాటి విద్యార్థులు నేడు మన పరిశోధనశాఖలలో నున్నారు, కొందఱు ఉపాధ్యాయులైరి. కోలుపోయిన రెండేండ్లను వారికి ఎవరును తిరిగియీయలేరు. కాని ఆ రెండేండ్లలో తీసివేయబడిన మూడింటిని, అనగా సాంగత్యమును, దినచర్యను, రేపటిపై నమ్మకమును, తిరిగి సమకూర్చుట విశ్వవిద్యాలయమునకు అసాధ్యము కాదు. నిర్ణీతకాలమున పరీక్ష, నిర్ణీతకాలమున ఫలితము, సాయంకాలము తెఱచియుండు గ్రంథాలయము, పలుకరించు ఉపాధ్యాయుడు: ఇవి చిన్న విషయములు. ఆ రెండేండ్లలో యువజనుల మనస్సులను నిలువనీయకపోయినది ఇట్టి చిన్న విషయముల లేమియే. వ్యాధిని గుర్తించుటకు యంత్రములు కలవు. ఆధిని గుర్తించుటకు చెవియొగ్గు మనిషి తప్ప వేఱు సాధనము లేదు.